పరజల వేట: వినోదం, నేరం

మన ప్రబంధాల్లో మృగయావినోద వర్ణన కనిపిస్తుంది. మనుచరిత్రలో స్వరోచి వేటాడితే అది వినోదం. కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడు పుట్టిన పల్లెకు వేట అంటే తిండి. ఈ తేడాను నేను ఏటా తరగతిలో చెబుతూనే వున్నాను. కాని అది కావ్యాలతో ముగిసిపోలేదు. కృష్ణా డెల్టా పొలాల్లో అడవిబాతుల వేటను పరిశీలిస్తే అదే తేడా చట్టంలోకి కూడా ఎక్కినట్లు కనిపిస్తుంది.

బెజవాడనుంచి బందరు పోయే దారిలో వున్నది కంకిపాడు. 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట ఈ ప్రాంతాన్ని వరిమాగాణిగా మార్చింది. ఈశాన్యాన కొల్లేరు. చలికాలంలో ఉత్తర దేశాలనుంచి సూదితోక బాతుల వంటివి దిగివస్తాయి. పగలు నీటిపట్టుల్లో వుండి, రాత్రి తడిమళ్ళలో గింజలేరుకుంటాయి. అడవిబాతులను ఇటు పరజలంటారు. దాళ్వా నారుమడి వేసిన రైతుకు పరజ నష్టం. కూలికీ యానాదికీ మాంసం. దొరకు తుపాకి గురి. ఒకే పక్షి, మూడు అర్థాలు!

ఈ మూడింటిలో చట్టం దేన్ని గుర్తించింది? 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే తుపాకి పట్టరాదన్నది. లైసెన్సు పొందగల వాడెవడు? పలుకుబడీ ఆస్తీ వున్నవాడు. లేనివాడికి మిగిలినవి వలా, ఉచ్చూ. తరువాత 1912లో అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం వచ్చింది. దాని జాబితాలో బాతులున్నాయి. వాటిని చంపరాని కాలాన్ని ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలది. మొదటి తప్పుకు యాభై రూపాయల వరకు జరిమానా. మళ్ళీ చేస్తే నెల వరకు జైలు.

పక్షి గుడ్లుపెట్టే వేళ వేట ఆగాలనడం మంచిదే. దాన్ని నేను కాదనను. కాని అదే చట్టంలో ఒక మినహాయింపు వున్నది: ఆస్తిని కాపాడుకోవడానికి చంపితే నేరం కాదు. అంటే నిషిద్ధ కాలంలో సైతం పొలం వున్నవాడు పంటకోసం పక్షిని కొట్టవచ్చు. పొలం లేనివాడు కడుపుకోసం పట్టరాదు. పంట ఆస్తి, ఆకలి ఆస్తి కాదు!

ఇంకొక సంగతి గమనించాలి. ఎలుకలు వరిని కొరికేటప్పుడు అదే రైతు యానాదిని పిలిపిస్తాడు. అతని వేట నేర్పు రైతుకు లాభమైనప్పుడు సేవ, తన పొట్టకోసమైనప్పుడు దొంగతనం. ఈ చూపు ఎంత దూరం పోయిందో కృష్ణకు ఆవలి ఒడ్డున సీతానగరం చెబుతుంది. నేరజాతుల చట్టం కింద ఎరుకలవారిని సెటిల్మెంటులో పెట్టిన చోటు అది. పుట్టుకనే నేరం చేసిన ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో.

స్వతంత్ర భారతంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో అందులోనూ వేట లైసెన్సులుండేవి. 1991 సవరణ వాటిని తీసివేసింది. ఇప్పుడు పరజను పట్టడం అందరికీ నేరమే. ఈ నిషేధం అవసరమని నేను ఒప్పుకుంటాను. కాని పక్షి వలతోనే చస్తుందా? నీరు పోయినా చస్తుంది. కొల్లేరు గర్భంలో చేపల చెరువులు తవ్వి గట్లు పోసిన పెట్టుబడి పరజల నీటిపట్టునే మింగింది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించినా, అక్రమ చెరువుల గట్లు తెగగొట్టడానికి 2006 దాకా ఆగవలసివచ్చింది.

వలవాడి సంచిలో నాలుగు పిట్టలుంటే లెక్కపెట్టడం సులభం. ఎండిన మడుగులో దిగకుండా పోయిన గుంపులను లెక్కపెట్టడం కష్టం. అందుకే చట్టం సులభమైన లెక్కనే ఎంచుకుంటున్నది. పరజలను రక్షించాలనే వారు ఆ రెండో లెక్క కూడా అడగాలి. ఆ లెక్క తీస్తే ముద్దాయి స్థానంలో నిలిచేది వల పట్టినవాడు ఒక్కడే కాదు.