‘మేడే’ అను పిలుపు

మే మాసపు మొదటి దినమును కార్మికుల పండుగగా జరుపుట మన దేశమున 1923లో ఆరంభమైనది. చెన్నపట్టణపు సముద్రతీరమున సింగారవేలు చెట్టియారు ఆ ఉత్సవము జరిపించినారు. ఆ దినమునకు ఆంగ్లమున ‘మే డే’ అని పేరు. వ్రాతలో రెండు మాటలు. విచిత్రమేమనగా, అదే సంవత్సరమున ఇంగ్లండులో సరిగా అదే ఉచ్చారణతో మరియొక మాట పుట్టినది. ఇది ఒకే మాటగా వ్రాయబడును. దీనికి మే మాసముతో గాని, దినముతో గాని ఏ సంబంధమును లేదు.

అంతకుముందు ఓడలకు ఆపద వచ్చినచో ‘ఎస్. ఓ. ఎస్.’ అను సంకేతమును పంపెడివారు. మూడు చుక్కలు, మూడు గీతలు, మరల మూడు చుక్కలు. దానిని 1906లో బెర్లిన్ సమావేశము అంగీకరించినది. ‘మా ప్రాణములు కాపాడుడు’ అను అర్థము తరువాతివారు కల్పించినదే. తప్పిపోని లయ గలది గనుకనే దానిని ఎన్నుకొన్నారు. కాని విమాన చోదకుడు నోటితో మాటలాడవలెను. టెలిఫోనులో ‘ఎస్’కును ‘ఎఫ్’కును భేదము తెలియుట ఎంత కష్టమో మనకందరకు అనుభవమే. ఇంజను హోరులో ఇక చెప్పవలెనా?

లండను సమీపమున క్రాయిడన్ విమానాశ్రయమున రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్. అచ్చటి రాకపోకలు ఎక్కువగా పారిస్ నగరపు లబూర్జే విమానాశ్రయముతోనే. ఉభయులకు తెలియు మాట కావలెను గనుక ఆయన ఫ్రెంచి ‘మెదే’ను ఎన్నుకొన్నాడు. ‘నాకు సాయపడుటకు’ అని దాని అర్థము. ‘వెనే మెదే’, అనగా ‘నాకు సాయపడ రండి’ అను వాక్యమునకు తోక. నిజమునకు మునిగిపోవు ఫ్రెంచివాడు ‘ఒ సెకూర్’ అని కేకవేయునే గాని ఇట్లనడు. వ్యాకరణము కుంటిదైనను చెవికి స్పష్టము, అదియే కావలసినది. ఆంగ్లేయులు విన్నట్లే వ్రాసికొన్నారు. 1927లో వాషింగ్టన్ సమావేశము దీనిని అంతర్జాతీయముగా స్థిరపరచినది.

ఈ మాటను మూడుమారులు పలుకవలెను. ఒకమారు పలికినచో మరియొక మాటగా వినబడవచ్చును. లేదా ఎవరో మరియొకరి ఆపదను గూర్చి చెప్పుచున్నారని తోచవచ్చును. పిమ్మట విమానము పేరు, ఉన్న చోటు, వచ్చిన ఆపద.

సముద్రముపై ఈ పిలుపు వినబడిన వెంటనే ‘సీలోన్స్ మేడే’ అను ఆజ్ఞ వెలువడును. రేడియో సిలోన్ పాటలు విన్న తరమువారు నవ్వుకొందురేమో గాని, అది నిశ్శబ్దమను అర్థము గల ఫ్రెంచి మాటయే. అంతట ఆ తరంగముపై తక్కిన ఓడలన్నియు నోరు మూసికొనవలెను. ఆపదలోనున్నవాని గొంతు ఎంత సన్నగిల్లినను వినబడవలెను గదా. ‘సీలోన్స్ ఫీనీ’ అని మరల ఆజ్ఞ అగువరకు ఆ మౌనము సాగును.