అమృతాంజనం: చరిత్ర, వాడుక, జాగ్రత్తలు

అమృతాంజనం తలనొప్పికి, జలుబుకు, ఒళ్లు నొప్పులకు పైపూతగా వాడే లేపనం. దీన్ని 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు తయారుచేసి అమ్మకానికి పెట్టారు. పసుపు రంగు, ఘాటైన వాసన దీని గుర్తులు. ఆయుర్వేద ఔషధంగా నమోదైన ఈ లేపనంలో పుదీనా పువ్వు (మెంథాల్), కర్పూరం, గంధపూర తైలం, నీలగిరి తైలం, వాము పువ్వు ప్రధాన ద్రవ్యాలు. తెలుగువాడు స్థాపించి దేశమంతటా పేరు తెచ్చిన తొలితరం వ్యాపారాల్లో ఇది అగ్రగణ్యం. దీని మీద వచ్చిన లాభం తెలుగు పత్రికలనూ గ్రంథ ప్రచురణనూ చాలాకాలం పోషించింది.

పూర్వరంగం

లేపాల ప్రస్తావన చరక, సుశ్రుత సంహితల్లోనే ఉంది. తెలుగునాట వైద్యులు తరతరాలుగా చేతిలో ఉంచుకున్న బసవరాజీయంలోనూ తలనొప్పులకు పూతలు, పట్లు చెప్పారు. ఇళ్లలో శొంఠి అరగదీసి నుదుట పట్టు వేయడం, వాము మూటగట్టి కాపడం పెట్టడం నేటికీ ఉన్నాయి. అయితే ఇవన్నీ అప్పటికప్పుడు నూరుకుని వాడుకునేవే. మూతపెట్టిన చిన్న సీసాలో నెలల తరబడి చెడకుండా నిలిచే పూత 19వ శతాబ్ది చివరి పాదంలో వచ్చింది.

ఆ కాలంలో ప్రపంచంలో పలుచోట్ల ఇంచుమించు ఒకేసారి ఇలాంటి లేపనాలు పుట్టాయి. జపానులో పుదీనా నుంచి తీసిన మెంథాల్ స్ఫటికాలు అంతర్జాతీయ వర్తకంలోకి వచ్చాయి. తైవాను కర్పూరం ఓడల్లో అన్ని రేవులకూ చేరేది. నీలగిరి కొండల్లో 1840ల నుంచి నాటిన యూకలిప్టస్ చెట్లు ఎదిగాయి, వాటి ఆకు నుంచి తైలం తీయడం మొదలైంది. గంధపూర మొక్క కూడా ఆ కొండల్లోనే పెరుగుతుంది. అమెరికాలో మెంథొలేటం, విక్స్ వెలువడ్డాయి. రంగూనులో ఆ చూ కిన్ అనే చీనా వైద్యుడి కుటుంబం నుంచి టైగర్ బామ్ వచ్చింది.

స్థాపకుడు, తొలి దశ (1893–1914)

నాగేశ్వరరావు 1867 మే 1న కృష్ణా జిల్లా యలకుర్రులో జన్మించారు. బందరులో చదువుకుని, 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాల నుంచి పట్టభద్రులయ్యారు. కందుకూరి వీరేశలింగం రచనల ప్రభావం ఆయన మీద గాఢంగా ఉంది. ఉద్యోగం కన్నా స్వతంత్ర వ్యాపారం మేలని నమ్మి మద్రాసులో కొంతకాలం వర్తకం పనులు చూశారు. కలకత్తాలో మందుల తయారీ మెలకువలు నేర్చుకున్నారు. తర్వాత బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీలో పనిచేస్తూ సంస్థ నడిపే విధానమంతా ఆకళింపు చేసుకున్నారు. అక్కడ ఉండగానే సొంత లేపనం తయారుచేసి అమృతాంజనం అని పేరు పెట్టారు.

ప్రచారంలో పంతులు చూపిన నేర్పు మెచ్చదగింది. పత్రికల ప్రకటనలు అందరికీ అందని రోజుల్లో ఆయన సంగీత కచేరీలలో, సభలలో చిన్న డబ్బాలు ఉచితంగా పంచిపెట్టారు. రాత్రి పొద్దుపోయేదాకా కచేరీ విన్నవాళ్లకు తలనొప్పి రావడం సహజమే. డబ్బా ఇంటికి చేరేది, మరుసటి వారం దాని కోసం దుకాణానికి వచ్చేవాళ్లు. బొంబాయి నుంచి పుణె వెళ్లే ఖండాలా కనుమలో 1830లో కట్టిన ఒక పాత వంతెనకు, దాని దగ్గర వెలసిన ప్రకటన వల్ల, ‘అమృతాంజన్ వంతెన’ అనే పేరు స్థిరపడిపోయింది. ఆ వంతెనను 2020 ఏప్రిల్‌లో కూల్చివేసేదాకా మరాఠీ జనం నోట ఆ పేరే ఉంది. తెలుగువాడి మందు పేరు మహారాష్ట్ర కొండదారికి అతుక్కుపోయిందంటే దాని వ్యాప్తి ఎంతటిదో ఊహించవచ్చు.

చేతిలో డబ్బు ఆడగానే పంతులు దృష్టి పత్రిక మీదికి మళ్లింది. 1907 సూరత్ కాంగ్రెస్ సభలు చూసి వచ్చాక తెలుగులో జాతీయ పత్రిక లేని లోటు ఆయనను కలతపెట్టింది. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది. తెలుగువాళ్లు తక్కువగా ఉన్న నగరం నుంచి తెలుగు పత్రిక నడపడం వ్యాపార దృష్టితో చూస్తే నష్టమే. ఆ నష్టాన్ని లేపనం భరించింది.

చెన్నపట్నం దశ (1914–1938)

1914లో పంతులు మద్రాసుకు తరలివచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడింది. కార్యాలయం జార్జిటౌనులోని తంబుచెట్టి వీధిలో ఉండేది. ఆ పేటకు ఉత్తరాన, సముద్రం ఒడ్డునే రాయపురం. దక్షిణ భారతంలో తొలి రైలు 1856 జూలై 1న బయలుదేరింది రాయపురం స్టేషను నుంచే. మద్రాసు రైలుమార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. బొంబాయిలో పుట్టిన సరుకు చెన్నపట్నానికి, చెన్నపట్నం సరుకు బొంబాయికి తేలిగ్గా చేరే దారి అలా అప్పటికే సిద్ధమై ఉంది. రాయపురం, చాకలిపేట, తండయారుపేటల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. రేవు పని, రైలు పని, చేపల పని చేసే ఈ పేటల జనానికి నడుం నొప్పి, భుజం నొప్పి రోజూ ఉండేవే. పార్కుటౌనులోని రాసప్పచెట్టి వీధి నాటుమందుల దుకాణాల్లో లేపనంలోని పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం విడివిడిగా దొరుకుతాయి. ఈ మూడూ గట్టి పదార్థాలే అయినా, ఒకచోట కలిపి ఉంచితే కరిగి ద్రవమవుతాయి. ఉత్తరాదిన ‘అమృతధార’ పేరుతో అమ్ముడుపోయిన మందు ఇలా తయారైనదే.

ఈ పాతికేళ్లలో లేపనం లాభం తెలుగు సాహిత్యానికి చేసిన మేలు అపారం. 1924 జనవరిలో భారతి మాసపత్రిక మొదలైంది. తెలుగు పరిశోధన, విమర్శ, కథ, కవిత్వాలకు అంతటి ప్రామాణిక వేదిక మరొకటి రాలేదు. 1926లో ఆంధ్ర గ్రంథమాల స్థాపించి బసవపురాణం, పండితారాధ్య చరిత్ర వంటి ప్రాచీన గ్రంథాలను తక్కువ వెలకు అందించారు. సంపాదకుడు కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించడంతో ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని 1930లలో పంతులే తిరిగి చేపట్టి సంపుటాలు వెలువరించారు. గ్రంథాలయోద్యమానికి, ఖద్దరు ప్రచారానికి, అడిగి వచ్చిన విద్యార్థులకు ఆయన ఇచ్చిన సొమ్ముకు లెక్క లేదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. ప్రజలు ఆయనను ‘దేశోద్ధారక’ అన్నారు, ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ‘కళాప్రపూర్ణ’తో గౌరవించింది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబర్ 16న కుదిరిన ఒడంబడిక మీద సంతకాలు జరిగింది మైలాపూరులోని ఆయన ఇంట్లోనే. ఆ ఇంటి పేరు మీదుగానే అది శ్రీబాగ్ ఒడంబడిక అయింది.

1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారింది. 1938 ఏప్రిల్ 11న పంతులు కన్నుమూశారు. లజ్ ప్రాంతంలోని నాగేశ్వరరావు పార్కు ఆయన పేరిట వెలసినదే.

తరువాతి కాలం

పంతులు తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ పత్రికలనూ కంపెనీనీ నడిపారు. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. కంపెనీ మాత్రం నిలిచింది. 2007లో అమృతాంజన్ హెల్త్ కేర్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. లేపనంతో పాటు నుదుటి మీద దొర్లించే రోల్ ఆన్, శానిటరీ న్యాప్‌కిన్లు, పళ్లరసాలు కూడా అమ్ముతోంది.

పనిచేసే తీరు

ఈ లేపనం నొప్పికి మూలమైన జబ్బును నయం చేయదు. నొప్పి తెలిసే తీరును కొంతసేపు మారుస్తుంది. చర్మంలో చల్లదనాన్ని గుర్తించే నాడీ గ్రాహకాన్ని మెంథాల్ తట్టి లేపుతుందని 2002లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పూసిన చోట నిజంగా చల్లబడకపోయినా చల్లగా ఉన్నట్టు మెదడుకు వార్త వెళ్లేది ఇందువల్లే. కర్పూరం వెచ్చదనాన్ని పసిగట్టే గ్రాహకాల మీద పనిచేస్తుంది. ఇలాంటి గ్రాహకాల పరిశోధనకే డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021 నోబెల్ బహుమతి వచ్చింది. గంధపూర తైలంలో ఉండే మిథైల్ శాలిసిలేట్ ఆస్పిరిన్ జాతికి చెందింది. అది చర్మం గుండా లోపలికి ఇంకుతుంది. నీలగిరి తైలం, మెంథాల్ ఆవిరి పీల్చినప్పుడు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. లోపలి వాపు మాత్రం పెద్దగా తగ్గదు.

1996లో ఆస్ట్రేలియాలో ప్రచురితమైన ఒక పరీక్షలో ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పికి టైగర్ బామ్ ఉత్తుత్తి పూత కన్నా మెరుగ్గా, పారాసిటమాల్‌తో ఇంచుమించు సమానంగా పనిచేసింది. ఆ ఫలితం టైగర్ బామ్‌ది. అమృతాంజనంలో దానికి దగ్గరి ద్రవ్యాలే ఉండడం వల్ల ఇక్కడ పేర్కొనడమైనది.

వాడే పద్ధతి

నుదురు, కణతలు, మెడ, నడుం, మోకాళ్ల మీద పలుచగా రాసి మెల్లగా మర్దించాలి. జలుబుకు ఛాతీ మీద, వీపు మీద పూస్తారు. రాసిన వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మరిచిపోయి కన్ను నలిపితే మంట భరించడం కష్టం. కన్నుకు తగిలితే శుభ్రమైన నీటితో చాలాసేపు కడగాలి.

జాగ్రత్తలు

మూలికల మందు గనుక ఎంత వాడినా హాని లేదన్న నమ్మకం తెలుగు ఇళ్లలో బలంగా ఉంది. అది పొరపాటు. డబ్బాలోని ప్రతి ద్రవ్యమూ శక్తిమంతమైనదే.

అన్నిటికన్నా భయపడవలసింది కర్పూరం కడుపులోకి పోవడం గురించి. మింగిన కొద్ది నిమిషాల్లోనే పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఒక గ్రాము కర్పూరం కూడా పసిబిడ్డల ప్రాణం తీసిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. ఇటువంటి ప్రమాదాల తర్వాతే అమెరికా 1982లో కర్పూర నూనెను నిషేధించింది, మరుసటి ఏడాది పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం మించరాదని నిర్ణయించింది. గంధపూర తైలం కూడా తక్కువది కాదు. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల శుద్ధ తైలం సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. మామూలు ఆస్పిరిన్ మాత్రలు 20కి పైగా ఒకేసారి మింగినంత. పైపూతలోనూ మితం అవసరమేనని 2007లో న్యూయార్క్‌లో జరిగిన ఒక మరణం చాటింది. పరుగు పందేల్లో పాల్గొనే 17 ఏళ్ల అమ్మాయి ఒళ్లు నొప్పుల పూతలు విపరీతంగా వాడడంతో మిథైల్ శాలిసిలేట్ ఒంట్లో చేరి చనిపోయింది.

రెండేళ్లలోపు పిల్లలకు ఈ లేపనం వాడకూడదు. జలుబు చేసిన పసిబిడ్డ ముక్కు దగ్గర కాస్త రాయడం మన ఇళ్లలో అలవాటు. మెంథాల్ ఘాటుకు పసిపిల్లల గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవారికి కర్పూరం, మెంథాల్ పడవు. ఆస్పిరిన్ పడనివారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుణ్ణి అడిగే వాడాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునే వారు మోకాళ్లకూ నడుముకూ రోజూ దట్టంగా పట్టిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ముసలివాళ్లు ఇంట్లో ఉంటే ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

తెగిన చర్మం, పుండు, పొక్కుల మీద రాయకూడదు. రాసిన చోట గట్టిగా కట్టు కట్టకూడదు. దాని మీద వేడినీళ్ల సంచి పెట్టకూడదు, చర్మం కాలుతుంది. దద్దురు వస్తే కడిగేసి మానాలి.

మన దేశంలో ఇలాంటి లేపనాలను 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద నియంత్రిస్తారు. ఆయుర్వేద మందులకు ప్రత్యేక అధ్యాయాన్ని ఆ చట్టంలో 1964లో చేర్చారు. అద్భుత చికిత్సల పేరిట సాగే ప్రకటనలను 1954 నాటి మరో చట్టం అడ్డుకుంటుంది. డబ్బా మీద లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ, గడువు, ద్రవ్యాల జాబితా ఉండాలి. అవి లేని చిల్లర డబ్బాలు కొనకపోవడమే క్షేమం.

పెద్దవాళ్లకు అప్పుడప్పుడు వచ్చే తలనొప్పికి, పని అలసటకు ఇది చవకైన, నమ్మదగిన ఉపశమనం. వారాల తరబడి తగ్గని తలనొప్పికి రక్తపోటు, కంటిచూపు పరీక్ష చేయించుకోవాలి. ఉన్నట్టుండి పిడుగులా వచ్చిన తలనొప్పి, మాట తడబడడం, కాలూ చేయీ పడిపోవడం ఉంటే లేపనం రాస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలు మింగితే వాంతి చేయించడానికి ప్రయత్నించకండి, డబ్బా వెంట తీసుకుని వెంటనే దగ్గరి పెద్దాసుపత్రికి పరుగెత్తండి. రాయపురం, పరిసర పేటల వారికి స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రి అందుబాటులో ఉంది.