ఈఎంటీ శిక్షణ: పుస్తకం కొనేముందు కూర్పు చూడాలి

108 అంబులెన్సుల్లో రోగికి తొలి చికిత్స అందించే అత్యవసర వైద్య సిబ్బంది (ఈఎంటీ) శిక్షణకు సిద్ధమయ్యే అభ్యర్థులు పుస్తకం ధర కంటే ముందు అది ఏ సంవత్సరపు కూర్పో గమనించాలి. గుండె ఆగిన వ్యక్తికి చేసే చికిత్స పద్ధతి పలుమార్లు మారడమే ఇందుకు కారణం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవలు 2005 ఆగస్టు 15న ప్రారంభమయ్యాయి. అంతకుముందు పుస్తకాల్లో పెద్దలకు 15 సార్లు ఛాతీ నొక్కి, 2 సార్లు శ్వాస అందించాలని ఉండేది. అదే ఏడాది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దానిని 30 నొక్కులు, 2 శ్వాసలుగా మార్చింది. 2010లో శ్వాస కంటే ముందే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలని సూచించింది. 2015లో వేగాన్ని నిమిషానికి 100 నుంచి 120గా నిర్ణయించింది.

పాత పద్ధతిని కంఠస్థం చేస్తే ఆపద వేళ చేతులు దానినే అనుసరించే ప్రమాదముంది. పునర్ముద్రణ తేదీ చూసి కొత్త పుస్తకమని భ్రమపడరాదు.

అయితే ఎముకలు, రక్తప్రసరణ వంటి శరీర నిర్మాణ పాఠాలకు సీనియర్ల పాత పుస్తకాలు చాలు. చికిత్స భాగానికి మాత్రం శిక్షణ సంస్థ సూచించే పుస్తకమేదో తెలుసుకున్నాకే కొనడం మేలు. తెలుగు మాధ్యమంలో చదివినవారు వైద్య పదాలను అర్థాలతో ముందే రాసుకుంటే తరగతులు సులభమవుతాయి.