మా జేజి కాలపు సండూరు

ఈ సంచికకు సండూరు చరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాసి యిమ్మని సంఘమువారు నన్ను కోరిరి. నేను చరిత్రకారుడను గాను. ముప్పదియారేండ్లు గుమాస్తాగా నుండి, ఇతరులు వ్రాసిన కాగితములకు నకళ్లు తీసి, వరుస సంఖ్యలు వేసి, బీరువాలో భద్రపరచినవాడను. నాకు తెలిసిన సండూరు చరిత్రములో ముక్కాలు మువ్వీసము మా జేజి నోట విన్నదే. (జేజి యనగా తండ్రి తల్లి, కోస్తావారు నాయనమ్మ యందురు.) కావున ఆమె కథ చెప్పినచో ఊరి కథయు కొంత చెప్పినట్లగునని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. గనుల చరిత్రము నాకంటె బాగుగా నెరిగినవారు కలరు. దానిని వారికే విడిచెదను.

ఆమె పుట్టినిల్లు ఆదవాని, మెట్టినిల్లు సండూరు. పెండ్లినాటికి ఆమెకు పదునొకండేండ్లు. ఆ కాలమున ఆదవాని బళ్లారి జిల్లాలోని తాలూకా. 1800లో నిజాము ఇంగ్లీషు కుంపిణీకి ధారపోసిన దత్తమండలములలోనిది యా జిల్లా. సండూరు మాత్రము దానినడుమ ఘోర్పడే వంశపు మరాఠీ ప్రభువు లేలిన చిన్న సంస్థానము. చుట్టును కొండలు, మధ్య గిన్నెవంటి లోయ. దొరల యింట మరాఠీ, వీధిలో కన్నడము, తాండాలలో లంబాడీ మాట, తురకల యిండ్లలో ఉరుదూ, మావంటి కొన్ని కుటుంబములలో తెలుగు. క్రొత్తకోడలికి వీధిమాట రాదు. వంకాయలు కావలసి వచ్చినప్పుడు బుట్టలోనికి వ్రేలు చూపెడిదట. “బదనెకాయి” యను మాట పట్టుబడుటకు వారము పట్టెనట. నీళ్లబావి కడ ఆరుమాసములు మూగదానివలె నుంటినని చెప్పి, చెప్పినప్పుడెల్ల నవ్వెడిది.

సండూరనగా కుమారస్వామి కొండ. స్వామి తల్లియైన పార్వతిపై నలిగి, త్రాగిన పాలు కక్కి, ఈ కొండకు వచ్చి నిలిచెనని స్థలపురాణము. ఆ కారణమున స్త్రీలాయనను దర్శింపరాదని ఆచార మేర్పడినది. ప్రక్కనే పార్వతీదేవి గుడి యున్నది. అది బాదామి చాళుక్యుల కాలపుది. కుమారస్వామి గుడి దానికి తరువాతిది. మా తాత లోనికి పోయి దర్శనము చేసికొని వచ్చుదాక జేజి పార్వతి గుడి మెట్లమీద కూర్చుండెడిది.

1932లో యశ్వంతరావు ఘోర్పడే ప్రభువు ఆ కోవెలలో హరిజనులకు ప్రవేశము కల్పించిరి. తిరువాన్కూరు మహారాజుగారి ప్రసిద్ధమైన ప్రకటనము వెలువడినది 1936లో. అంతకు నాలుగేండ్లు ముందే మా చిన్న సంస్థానమున నీ పని జరిగెనని సండూరువారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు, అది న్యాయమే. 1934లో హరిజన యాత్రా సందర్భమున గాంధీగారు సండూరు విచ్చేసిరి. జేజి మా నాయనను చంకనెత్తుకొని పోయి వారిని చూచెను. పసివాడైన మా నాయనకు ఆ దర్శన మేమియు జ్ఞాపకము లేదు. జేజికి మాత్రము జనమంతయు, దుమ్మంతయు, తన కాలు త్రొక్కినవారితో సహా జ్ఞాపకమే.

గుడి తలుపులు తెరచిన సంగతి చెప్పునప్పుడు నేనొకసారి, “మరి నిన్నెందుకు పోనీలేదు, జేజీ?” అని యడిగితిని. “పోనీలే నాయనా! అలిగినోని దగ్గర నాకేం పని? వాళ్లమ్మ దగ్గరే కూచుంటా” అని యామె యనెను. ఆమెకు కోపము లేదనుకొంటిని. ఇప్పుడాలోచించిన అంత నమ్మకము లేదు.

తాత యామెను బళ్లారికి నాటకమునకు తీసికొని పోయినది జీవితమున నొక్కసారి. కోలాచలం శ్రీనివాసరావుగారి రామరాజు చరిత్రము. బళ్లారి రాఘవగారు పఠాను రుస్తుం వేషమున రంగముమీదికి వచ్చినప్పుడు తనకు భయమువేసి తాత భుజము పట్టుకొంటినని, నలుగురిలో మగని ముట్టుకొన్నది ఆ యొక్కనాడేనని చెప్పెడిది. రాఘవగారు 1880లో తాడిపత్రిలో జన్మించి, వకీలు పని చేయుచు నాటకమునకు జీవితము నర్పించి, 1946 ఏప్రిల్ 16వ తేదీన గతించిరి. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు వీరికి మేనమామ. మేనమామ పేరును మేనల్లుడు నిలిపెను. మేనల్లుని పేరు బళ్లారిలోని రాఘవ కళామందిరము నిలుపుచున్నది. పార్వతి గుడి మెట్లమీద కూర్చుండి లేచి వచ్చినవారికి మందిరము లెవరు కట్టుదురు?

1949 ఏప్రిల్ 1న సంస్థానము మద్రాసు రాష్ట్రమున, బళ్లారి జిల్లాలో కలిసెను. పుట్టినిల్లు మెట్టినిల్లు ఒకే జిల్లా యయ్యెనని జేజి ఆనాడు పాయసము వండెనట. ఆ సంబరము నాలుగున్నర యేండ్లు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోయెను; సండూరుతో కూడ తక్కిన జిల్లా మైసూరున చేరెను. బళ్లారి తాలూకా యెవరిదను వాదము వాంఛూగారి నివేదికను దాటి, న్యాయమూర్తి మిశ్రాగారి విచారణదాక నడచినది. సభలు, ఊరేగింపులు, కోపతాపములు రెండు పక్షముల నుండెను. మన పెద్దలలో నాటి మాట లింకను మరువనివారు కలరు. నేను దానిలోనికి పోను. 1973లో మైసూరు పేరు కర్ణాటకమయ్యెను. సంస్థానము, మద్రాసు, మైసూరు, కర్ణాటకము – అన్నియు నా యింటిలోనే యుండి చూచిన జేజి, “నేను గడప దాటలేదు, గడపే దేశాలు తిరిగింది” అనెడిది.

దారి మాత్రము మారలేదు. తోరణగల్లు వరకు బస్సు, అచటనుండి గుంతకల్లుకు చిన్న రైలు, గుంతకల్లులో దిగి ఆదవానికి పెద్ద రైలు. మారినది బడి. మాకు కన్నడమే చదువు. నాకు తెలుగక్షరములు నేర్పినది జేజియే, పలకమీద. “మన క కు నెత్తిన పిలక, వాళ్ల క కు నెత్తిన తలపాగ. అంతే తేడా, రాయి” అనెడిది. రెండు మాసములలో పెద్దబాలశిక్ష చదువగలిగితిని.

ఆమె చూపు మందగించిన పిమ్మట ఆదవానిలోని తమ్మునికి నెలనెల కార్డు వ్రాయుట నా వంతయ్యెను. ఆమె చెప్పెడిది, నేను వ్రాసెడివాడను. ఉభయకుశలోపరి, జొన్నలు, ప్రత్తి ధర, ఎవరింట పెండ్లి, ఎవరికి కాన్పు. 1971లో, నాకు పండ్రెండేండ్లప్పుడు, ఒక సాయంకాలము కార్డు నిండవచ్చినది. బయట పిల్లలు గోలీలాడుచు నన్ను పిలుచుచున్నారు. అప్పుడు జేజి, “నాకు ఒకసారి చూడాలని ఉంది, వచ్చి పిలుచుకోని పో అని రాయి” అనెను. సందు లేదు. అంచున నిలువుగా వ్రాయవచ్చును, ఎన్నోసార్లు వ్రాసితిని. ఆనాడు వ్రాయలేదు. “రాసినావా?” అని యడిగెను. “రాసినాను” అంటిని.

తరువాతి జాబులో దానికి జవాబు లేదు. “రాక గురించి ఏమీ రాయలేదా వాడు?” అని రెండుసార్లు నాచేత చదివించుకొనెను. మూడవ మాసమున ఆదవానినుండి తమ్ముడు పోయినట్లు కబురు వచ్చెను. జేజి తలకు నీళ్లు పోసికొని వచ్చి వసారాలో గోడకానుకొని కూర్చుండెను. ఆ పిమ్మట పదేండ్లు బ్రదికినను మరల ఆదవాని పోదునని యనలేదు. 1981లో ఆమె మరణించెను. నేను చెప్పలేదు. ఇంతవరకు ఎవరికిని చెప్పలేదు. ఉద్యోగమున ముప్పదియారేండ్లు నకళ్లు తీసితిని గాని, ఒక్క పంక్తి జారనీయనివాడనని పై యధికారులు మెచ్చుకొన్నప్పుడెల్ల నాకు ఆ కార్డే జ్ఞాపకము వచ్చెడిది.

తద్దినమునాడు మూడు తరములవారి పేర్లే చెప్పుదుము. నేను జేజి పేరు చెప్పుచున్నాను. నా కుమారుడును నా యనంతరము చెప్పవలసియుండును. నా మనుమని కాలమునకు ఆ వరుసలో నామె పేరుండదు. శాస్త్రమట్లున్నది, దానిని తప్పుపట్టను. కాని బెంగుళూరులో పెరుగుచున్న ఆ పిల్లలు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. తమ్ముడామెకు వ్రాసిన కార్డులు పెట్టెనిండ నుండెడివి. ఒకప్పుడు ఇంటికి సున్నము కొట్టించునపుడు, నా అజాగ్రత్తచేతనే, చిత్తుకాగితములతో పోయినవి. పదకొండు మిగిలెను.

కడచిన సంవత్సరము ఆ పదకొండింటికి నకళ్లు తీసితిని. మాట తెలుగే, లిపి మాత్రము కన్నడము. నా మనుమరాలు మొదటిది చేతపట్టి, ఉభయకుశలోపరి దగ్గర రెండుసార్లు తడబడి, జొన్నల ధర వచ్చుసరికి గడగడ చదివినది. అన్నిటి క్రింద మరియొక కాగితము చేర్చితిని. దానిమీద 1971 అని సంవత్సరము వేసి, నాకు ఒకసారి చూడాలని ఉంది, వచ్చి పిలుచుకోని పో అని జేజి మాట జేజి మాటగానే వ్రాసి, పండ్రెండవ సంఖ్య వేసి కుట్టితిని.