వెతికినవారికి దొరకాలంటే



నా పుట్టినిల్లు నందిగామ, మెట్టినిల్లు జగ్గయ్యపేట. ఇప్పుడు వుంటున్నది విజయవాడలో. మొన్న దసరా సెలవులకు వచ్చిన మా మనవడు, "నాయనమ్మా, మన ఊళ్ళో ధనబోడు మీద స్తూపం వుందన్నావుగా, బళ్ళో దాని మీద వ్యాసం రాయాలి" అంటూ ఫోను తీసుకుని కూర్చున్నాడు. "ధనబోడు" అని కొట్టాడు. వాడికి కావలసింది రాలేదు. రెండు మూడుసార్లు చూసి, "అలాంటిది లేదు నాయనమ్మా" అనేశాడు. నేను కాపురానికి వచ్చిన నాటినుంచీ కళ్ళతో చూసిన గుట్ట అది. లేదంటాడేమిటి?

"జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం అని కొట్టి చూడరా" అన్నాను. ఇంకేముంది, బొమ్మలూ శాసనాలూ పుస్తకాలూ వరసగా వచ్చిపడ్డాయి. గుట్ట ఒకటే, స్తూపం ఒకటే. పేరు మార్చేసరికి లేనిది కాస్తా వున్నదైంది. ఇవాళ మనం చెప్పుకోబోయే సంగతి ఇదే. వెతికిపెట్టే యంత్రం, అదే సెర్చి ఇంజన్, ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది, మనం రాసుకున్నది దాని కంట పడాలంటే ఏం చెయ్యాలి?

ముందు మా ఊరి పేర్ల కథ వినండి. 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర ఈ ధనబోడు మీద తవ్వకాలు జరిపాడు. అక్కడి శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద ఆయన పుస్తకం అచ్చయింది. అక్కడ దొరికిన శాసనాల్లో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ యేటిది ఒకటి వుంది. అంటే క్రీస్తుశకం 3వ శతాబ్ది నాటి మాట. సిద్ధార్థుడనే శిల్పి మహాచైత్యం తూర్పు వాకిట అయిదు స్తంభాలు నిలిపాడని అందులో రాసివుంది. ఆ శాసనంలో ఊరి పేరు వెలగిరి. తరవాతి కాలంలో ఇది బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తండ్రి జగ్గయ్యగారి పేర పేట కట్టించాక జగ్గయ్యపేట అయింది. చూశారా, ఒక్క ఊరికి ఎన్ని పేర్లో! ఏ పేరుతో అడిగినా ఇదే ఊరని మనిషికి చెబితే తెలుస్తుంది. యంత్రానికి ఎవరో ఒకరు రాసిపెడితేగాని తెలియదు.

వెతుకులాట కొత్తదేమీ కాదు. పెద్ద పుస్తకాల చివర పదాల పట్టిక వుంటుంది, ఏ మాట ఏ పేజీలో వుందో చెబుతుంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిననాటినుంచి ఊరూరా పుస్తకాలయాలు పెట్టిన జాతి మనది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తీర్చిదిద్దిన రంగనాథన్‌గారు 1931లో అయిదు సూత్రాలు చెప్పారు. అందులో నాలుగోది, చదువరి సమయం ఆదా చెయ్యమని. సెర్చి ఇంజన్ ధర్మమూ సరిగ్గా అదే.

1990లో కెనడాలో, మాంట్రియల్ మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న అలన్ ఎమ్‌టేజ్ "ఆర్చీ" అనే దాన్ని తయారుచేశాడు. అది కంప్యూటర్లలో దాచిన ఫైళ్ళ పేర్లు మాత్రమే వెతికేది, లోపల ఏముందో చూసేది కాదు. డబ్బాల మీద చీటీలు చదివినట్టన్నమాట. 1994లో వచ్చిన వెబ్‌క్రాలర్ మూత తీసి, పేజీలోని ప్రతి మాటనూ చదవసాగింది. అదే యేడు యాహూవారు మనుషులచేత పేజీల జాబితా రాయించడం మొదలుపెట్టారు. పేజీలు లక్షలూ కోట్లూ అయ్యేసరికి చేత్తో రాయడం ఎవరి తరం?

ఇప్పటి యంత్రం చేసే పనులు మూడు. మొదటిది తిరగడం. సాలీడు దారం పట్టుకుని పోయినట్టు ఒక పేజీలోని లింకు పట్టుకుని ఇంకో పేజీకి పోతూ చదువుకుంటుంది. రెండోది పట్టిక రాసుకోవడం. మనం ప్రశ్న వేసినప్పుడు అది ప్రపంచమంతా పరుగెత్తదు, ముందే రాసిపెట్టుకున్న పట్టిక తిరగేస్తుంది. అందుకే అంత త్వరగా జవాబు. మూడోది వరస పెట్టడం. వెయ్యి పేజీల్లో "ఆవకాయ" అని వుంటే ఏది ముందు చూపించాలి?

ఈ మూడోదానికి దారి చూపినవారు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్. 1998లో గూగుల్ కంపెనీ పెట్టారు. వారి ఆలోచన మనకు తెలియనిది కాదు. ఇంటికి సంబంధం వస్తే పిల్లవాడు తన గొప్ప తాను చెప్పుకుంటే నమ్ముతామా? ఊళ్ళో నలుగురినీ వాకబు చేస్తాం. ఆ నలుగురిలోనూ పదిమంది గౌరవించే పెద్దమనిషి మాటకు బరువెక్కువ. అలాగే ఒక పేజీకి ఇతర పేజీలు ఇచ్చే లింకులను సిఫార్సులుగా లెక్కగట్టి, మంచి పేరున్న పేజీ సిఫార్సుకు ఎక్కువ విలువ కట్టారు. తరవాత ఇంకా ఎన్నో లెక్కలు చేరాయి. పైన "ప్రకటన" అనో "స్పాన్సర్డ్" అనో వున్నవి డబ్బిచ్చి పెట్టించుకున్నవి. వాటి కింది వరసలో చోటు గూగుల్ డబ్బుకు అమ్మదు. ఈ తేడా తెలుసుకుంటే బజారులో మోసపోము.

మన తెలుగుకు మరికొన్ని చిక్కులున్నాయి. 1991లోనే యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు చోటు దొరికినా, చాలాయేళ్ళు మన పత్రికలు ఇంటర్నెట్‌లో ఎవరి ఫాంటు వారు వాడుకున్నారు. కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థంలేని గీతలు. ఆనాటి రాతలు ఎన్నో అలా మరుగున పడ్డాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటివి యూనికోడ్‌లో రాయబట్టి వెతికితే దొరుకుతున్నాయి. ఇక మన విభక్తులు చూడండి. జగ్గయ్యపేటలో, జగ్గయ్యపేటకు, జగ్గయ్యపేటనుంచి అంటూ అన్నీ అతికించి రాస్తాం. ఇవన్నీ ఒకే ఊరని యంత్రానికి నేర్పాలి. ఇంగ్లీషులో రాస్తే "అయ్య" అనే ముక్కకే ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. మా నందిగామ సంగతి ఇంకో తంటా. రంగారెడ్డి జిల్లాలోనూ నందిగామ వుంది, శ్రీకాకుళం జిల్లాలో నందిగాం వుంది. పోనీ జిల్లా పేరు చెబుదామంటే, 2022 ఏప్రిల్ 4న మేం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం. పాతవారు ఒకలా అడుగుతారు, కొత్తవారు ఒకలా.

ఇది కాలక్షేపం కబురు అనుకోకండి. మా ఆడపడుచు సంగతి చెబుతాను. భర్త పోయాక ఇద్దరు పిల్లల చదువుకోసం ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి చేసి అమ్ముతోంది. ఒక వెబ్‌సైటు కూడా పెట్టించింది. రంగురంగుల బొమ్మ ఒకటి వేసి, పచ్చళ్ళ పేర్లూ ధరలూ అన్నీ ఆ బొమ్మలోనే రాయించింది. చూడ ముచ్చటే, కాని చదువుకోవడానికి పేజీలో అక్షరాలేవి? అంతలో ఒకాయన వచ్చి, నెలకింత ఇస్తే గూగుల్‌లో మొదటి చోట నిలబెడతానన్నాడు. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో "ఆవకాయ" అని వందసార్లు రాశాడు. సంబంధంలేని పేజీలనుంచి లింకులు కొని తెచ్చాడు. కొన్నాళ్ళు ఆర్డర్లు బాగానే వచ్చాయి. అది చూసి వేసవిలో అప్పుచేసి కాయలు కొన్నది. అంతలో వెబ్‌సైటు వెతుకులాటలో కనబడకుండా పోయింది. ఇలాంటి దొంగ ఎత్తులు పట్టుకోవడానికే గూగుల్‌వారు 2012లో లెక్కలు గట్టిగా బిగించారు. పాపం, దానికేం తెలుసు? "జాడీలు జాడీలుగానే వున్నాయి వదినా" అని ఫోనులో ఏడ్చింది.

తరవాత పిల్లలు కూర్చుని సరిచేశారు. దాచిన అక్షరాలు, కొన్న లింకులు తీసేశారు. ప్రతి పచ్చడికీ వేరే పేజీ, పైన దాని పేరు. కారం ఎంత, నూనె ఏది, ఎన్నాళ్ళు నిలవుంటుంది, జనం అడిగేవన్నీ జనం మాటల్లోనే రాశారు. ప్రతి బొమ్మ కిందా అదేమిటో రాశారు. ఊరు జగ్గయ్యపేట, ఎన్టీఆర్ జిల్లా, పూర్వపు కృష్ణా జిల్లా అని పెట్టారు. ఫోనులో త్వరగా తెరుచుకునేలా బొమ్మల బరువు తగ్గించారు. పచ్చడి నచ్చినవారు వారి వారి పేజీల్లో నిజంగా నాలుగు మాటలు రాశారు. సెర్చి ఇంజన్ ఆప్టిమైజేషన్ అని పెద్ద పేరు పెట్టారుగాని, నిజాయితీగా చేస్తే అది ఇంతే. ఫలితం రాత్రికి రాత్రి రాలేదు. మెల్లగా నెలలు పట్టింది. మరుసటి యేడు అప్పు తీరింది.

2024నుంచి గూగుల్ పేజీలు చూపించడమే కాక, పైన తానే జవాబు కూర్చి చెబుతోంది. ఆ జవాబైనా ఎవరో ఒకరు రాసిన దానిలోనుంచి రావలసిందే. రాయనిదాన్ని ఏ యంత్రమూ వెతికి తేలేదు.

అందుకని మా మనవడి వ్యాసం చివర ఒక వాక్యం నేనే చెప్పి రాయించాను. "మా ఊరివారు ధనబోడు అని పిలిచే గుట్ట మీదిదే జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం. శాసనంలో ఈ ఊరి పేరు వెలగిరి." వాళ్ళ బడి వెబ్‌సైటులో ఆ వ్యాసం పెట్టారు. రేపు ఇంకో పిల్లవాడు ఏ పేరుతో అడిగినా "లేదు" అనే మాట వినకుండా పోతాడేమో. మీ ఊరి చెరువుకో, గుట్టకో, మీ అమ్మ చేసే వంటకో మీకు మాత్రమే తెలిసిన పేరు ఒకటి వుండేవుంటుంది. ఆ పేరుతో సహా నాలుగు వాక్యాలు రాసిపెట్టండి.

ఇక సెలవు.