పాముల శాస్త్రములో పల్లెవారి పాలు

ఉగాది సంచికలో పాముల ప్రసక్తి యేమిటని పాఠక మహాశయులు నొసలు చిట్లించవచ్చును. తొలకరి పడి చేలలో పని మొదలైనదంటే పుట్టలోనివి గట్టు మీదికి వచ్చును. అందుచేత ముందుగానే యీ నాలుగు మాటలు.

పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1781లో సోదరునితో కూడ విశాఖపట్టణము వచ్చినాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించినది. ఏ పాము విషపుది, ఏది కాదు అన్నది తేల్చుట ఆయన చేపట్టిన పనులలో ముఖ్యమైనది. దొరగారు ఒంటరిగా పుట్టల వెంట తిరుగగలరా? పాములు పట్టి తెచ్చుటకు, పేర్లు చెప్పుటకు స్థానికులే దిక్కు. 1796లో లండనులో అచ్చైన ఆయన గ్రంథములో బొమ్మలకు తెలుగు పేర్లే ఇంగ్లీషు లిపిలో ఉన్నవి. అందులో ఒకటి కాటుక రేకుల పొడ. ఎంత చక్కని పేరు! మనము రక్తపింజరి అనేది దానినే. నాగుపాము తరువాత అంత ప్రమాదకరమైనది ఇదేనని ఆయన గుర్తించినాడు. తరువాత శాస్త్రజ్ఞులు దానికి రస్సెల్ పేరు పెట్టినారు. ఒంటి మీది మచ్చలలో కాటుక రేకులను చూచిన వారిని తలచేవారు లేరు. కట్లపాముల జాతికి 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దొదా పెట్టిన ‘బుంగారస్’ అనే పేరులో మాత్రము మన బంగారము మిగిలినది.

ఆ రోజులలో తంజావూరు మాత్రలు పాముకాటుకు దివ్యౌషధమని ప్రసిద్ధి. రస్సెల్ వాటిని జంతువుల మీద పరీక్షించి, పనిచేయవని తేల్చినాడు. పల్లెవారి చూపును నమ్మి, మాత్రల మహిమను పరీక్షకు పెట్టినాడు. మాకు నచ్చినది ఇదే.

ఇక మన వైపుకు వత్తము. చిక్కబళ్ళాపురం 2007లో కోలారు నుండి విడిపడి వేరు జిల్లా అయినది. రైలు చింతామణి మీదుగా కోలారు పోవును. బాగేపల్లికి మాత్రము నేటికిని పట్టాలు లేవు (మా శాఖవారు మన్నింతురు గాక). మనము పొట్ట చేతబట్టుకొని వచ్చినవారము. అక్కడి తెలుగువారు తరతరములుగా ఆ మట్టివారే. కైవారం తాతయ్య తెలుగున పాడిన సీమ అది. అక్కడి అవ్వ రక్తపింజరి అంటుంది. కన్నడమువారు కొళకు మండల అందురు. డాక్టరు రస్సెల్ వైపర్ అని వ్రాయును. పాము ఒక్కటే. పార్సెలు మీద ఊరి పేరు మారితే ఏమగునో మా గుమాస్తాలకు తెలియును.

1978లో మద్రాసు దగ్గర ఇరుళవారు సహకార సంఘము పెట్టుకొని, పాములను పట్టి, విషము తీసి, మరల అడవిలో వదలే వృత్తి చేపట్టినారు. మన దేశములో విరుగుడు మందు తయారీకి ఆ విషమే ముఖ్యాధారము. అయితే ఒకే జాతి పాము విషము ప్రాంతమును బట్టి మారునని బెంగుళూరు విజ్ఞాన సంస్థలో కార్తీక్ సునగర్ బృందము చూపినది. కాబట్టి బాగేపల్లి పామును గూర్చి బాగేపల్లి రైతును అడుగక తప్పదు.

2024లో కర్ణాటక ప్రభుత్వము ప్రతి పాముకాటును ఆస్పత్రులు తెలియజేయవలెనని ఉత్తరువు చేసినది. లెక్కకు రావలెనంటే మొదట రోగి ఆస్పత్రికి రావలె గదా! మంత్రము వేయించుటలో గడచిన గంట మరల రాదు. గాటు పెట్టక, బిగించి కట్టక, కరచిన కాలు కదలనీయక, విరుగుడు మందున్న ఆస్పత్రికి వెంటనే చేర్చవలె. రాత్రి చేతిలో లైటు, నేల పడకకు దోమతెర ఉండవలె.

ఈ సంగతులతో, మూడు భాషల పేర్లతో మన సంఘము ఒక కరపత్రము వేయవలెనని మా ప్రార్థన. చిత్తు మేము వ్రాసి కార్యదర్శిగారికి అందజేయుదుము. ఆ తాలూకాలలో చుట్టములున్నవారు అక్కడి పాముల పేర్లను అక్కడివారు పలికినట్టే వ్రాసి పంపగోరుచున్నాము.