యానాము ఎన్నికలలో బంధుత్వము, స్థానికాభిమానము

గ్రామసీమలలో ఓటు ఒక్కని మనస్సున మాత్రమే పుట్టునది కాదు. ఇంటిపేరు, వియ్యము, వీధి, చేబదులు, పాత తగవు - ఇవన్నియు అభ్యర్థి పేరు విన్నంతనే ఓటరునకు స్ఫురించును. దీనిని కులాభిమానమని త్రోసివేయుట సులభము. కాని బంధుత్వము ఎప్పుడు ఎంత బలము పొందునో గ్రహించుటకు పాలనావ్యవస్థను గూడ పరిశీలింపవలెను. ఇందుకు యానాము మంచి నిదర్శనము.

గోదావరీతీరమున 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గల ఈ ప్రాంతమున 2011 జనగణన ననుసరించి 55,626 మంది నివసించుచుండిరి. చుట్టును ఆంధ్రప్రదేశము, పాలన మాత్రము సుదూరమున నున్న పుదుచ్చేరినుండి. ఇచ్చటివారి వియ్యములు కాకినాడ, తాళ్ళరేవు, అమలాపురము ప్రాంతములతో ముడివడియున్నవి. చుట్టరికము సరిహద్దును దాటును, ఓటు దాటదు. కావున ఆవలి బంధువు సలహా నీయగలడే కాని బలము నీయలేడు.

ఫ్రెంచివారు 1880లో ఇచ్చట పురపాలక వ్యవస్థను నెలకొల్పిరి. 1881 నాటి శాసనముచే స్వీయ వైయక్తిక ధర్మమును త్యజించినవారు ఫ్రెంచి పద్ధతిని వంశనామమును స్వీకరింపవలసి వచ్చెను. 1884లో ఐరోపీయులకును, త్యజించినవారికిని, త్యజింపని వారికిని వేర్వేరు ఓటర్ల పట్టికలు ఏర్పడెను. ఇట్లు పేరునకును ఓటునకును సంబంధము శాసనమువలననే కలిగినది.

1954 జూన్ 13న యానాము విముక్తి నొందెను. తరువాత పుదుచ్చేరి శాసనసభలోని 30 ఎన్నిక స్థానములలో ఒకటి దీనికి లభించెను. అయితే 1968లో జరిగిన స్థానికసంస్థల ఎన్నికలు మరల 2006 వరకు జరుగలేదు. ఆ 38 సంవత్సరములు వార్డు సభ్యుడు తీర్పవలసిన వీధిదీపము, కుళాయి, పింఛను మొదలగు విషయములన్నియు శాసనసభ్యుని గుమ్మమునకే చేరెను. పార్టీ యేదని కాక, ‘మనవాడా, పిలిచిన పలుకునా’ యని జనులు విచారించుటలో వింత లేదు.

కామిసెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడు పలుమార్లు ఎన్నికై శాసనసభాపతియు నైరి. మల్లాడి కృష్ణారావు 1996 మొదలు 2016 వరకు వరుసగా అయిదు పర్యాయములు గెలిచిరి; తొలిసారి స్వతంత్రులుగనే. 2021లో వారు తాము పోటీ చేయక ఎన్. రంగస్వామిని బలపరచిరి. రంగస్వామి పార్టీ కూటమి అధికారమునకు వచ్చెను. వారే ముఖ్యమంత్రియు నైరి. అయినను యానాములో స్థానికుడును స్వతంత్రుడును నగు గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ చేతిలో స్వల్పాంతరమున ఓడిరి. పాతికేండ్ల పలుకుబడి సైతము మరియొకరికి అప్పగింపదగిన ఆస్తి కాదని దీనివలన తేలినది.

బంధుబలము దూరపు రాజధానియెదుట చిన్న ఊరికి గొంతు నిచ్చినది. కాని కుళాయి హక్కుగా గాక ఉపకారముగా వచ్చినచో, ఓటు ఋణము తీర్చుకొను సాధనమగును. చుట్టములు లేని ఇల్లు వెనుకబడును. స్థానికసంస్థలు సకాలమున ఎన్నికైననే బంధుత్వము పెండ్లిపందిటిలో తన శోభను నిలుపుకొని, ఓటు పౌరుని సొత్తుగా మిగులును.